జానెడు దూరం

మిక్సీలు బాగుచేసేవాళ్ళు ఏ బజారులో చూసినా ఇద్దరు ముగ్గురు తగులుతారు. మోటారును గుండెకు ఆనించుకుని దాని రోగమేమిటో చెప్పే మనిషి మాత్రం ఆ వీధిలో ఒక్కడే. మెట్ల కింద గది అతని కొట్టు. ఎవరైనా మిక్సీ తెచ్చి బల్ల మీద పెడితే ముందు ప్రశ్నలేవీ అడిగేవాడు కాదు. దాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎడమ చేత్తో ఎత్తుకుని, ఎడమ రొమ్ముకు అదిమిపట్టి, కుడిచేత్తో స్విచ్చి వేసి కళ్ళు మూసుకునేవాడు. అర నిమిషంలో తీర్పు వచ్చేసేది. "బేరింగు నిక్షేపంలా ఉందమ్మా, ఇరుసుకు తొడిగే బుష్షే అరిగింది." లేకపోతే, "దీనికే రోగమూ లేదు, మీ ఇంట్లో ప్లగ్గు వదులైంది." ముప్ఫై ఏళ్ళలో ఆ తీర్పు తప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వీధిలో అందరూ అతన్ని మిక్సీ మేస్త్రీ అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు.

"చెవితో వింటే చప్పుడే వినబడుతుంది. ఎముకతో వింటేనే లోపలి సంగతి తెలుస్తుంది" అనేవాడు మేస్త్రీ. పక్క కొట్టులో తాళంచెవులు చేసే బాబాయి ఈ మాటకు ఎప్పుడూ నవ్వేవాడు. "ఒరే, పెళ్ళాన్ని కూడా ఇంత గట్టిగా వాటేసుకుని ఉండవు కదరా!" అనేవాడు. మేస్త్రీ భార్య అన్నం క్యారియరు పట్టుకుని అప్పుడే వచ్చి ఆ మాట విన్నా, విననట్టు క్యారియరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. కొట్టులో పనిముట్లను ఆవిడ తాకకూడదు. తాకితే ఏది ఎక్కడ పెట్టాడో మర్చిపోతానని మేస్త్రీ గోల.

అలాంటి మనిషి ఒకరోజు పట్టపగలు, ఒళ్ళో మిక్సీతో సహా కుర్చీలోంచి కిందికి జారిపోయాడు. ఆ సమయానికి భార్య అక్కడే ఉంది. బాబాయి నీళ్ళ కోసం పరుగెత్తేలోగా ఆవిడ మొగుడి రొమ్ము మీద చెవి పెట్టింది. ఒక దెబ్బ వినిపించింది. చాలాసేపటికి గానీ రెండోది వినబడలేదు. "తడబడుతోంది బాబాయిగారూ, ఆగి ఆగి కొట్టుకుంటోంది!" అని కేక పెట్టింది. ఆ కేక మేస్త్రీకి ఎక్కడో దూరం నుంచి వినబడింది. ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి తెలియదు.

ఆసుపత్రిలో అతని ఎడమ భుజం ఎముక కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె కంటే చిన్న యంత్రం ఒకటి పెట్టారు. పేస్‌మేకరు. గుండె తన పని తాను చేసుకుంటున్నంతసేపూ కిమ్మనకుండా ఊరుకుంటుంది, దెబ్బ తప్పితే తనే కొడుతుంది. ఇంటికి పంపేముందు పెద్ద డాక్టరు అడిగాడు, "ఏం పని చేస్తుంటారు?" అని.

మేస్త్రీ నీళ్ళు నమిలాడు. "చిన్న కొట్టండీ" అన్నాడు.

"అంటే మరీ బరువులెత్తే పని కాదుగా?"

"అబ్బే, కూర్చుని చేసేదే."

భార్య నోరు తెరవబోయింది. దుప్పటి కింద మేస్త్రీ ఆవిడ చెయ్యి గట్టిగా నొక్కాడు. ఆవిడ ఊరుకుంది, కానీ చూసిన చూపు మాత్రం అతను నెల్లాళ్ళు మర్చిపోలేదు. చెబితే ఏమవుతుందో మేస్త్రీకి తెలుసు. "ఇంకెక్కడి రిపేర్లయ్యా, మూసేయ్" అంటారు. ఆ మాట ఒక్కసారి డాక్టరు నోట వస్తే ఇక తిరుగు లేదు. మోటార్లు లేకపోతే అతనేమిటి? యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఏ పనికీ రాని మనిషి. అడిగితే కదా కాదంటారు, అడగనే వద్దు అనుకున్నాడు.

మనలో మాట, ఇలాంటి తెలివితేటలు మగవాళ్ళకే పుడతాయి.

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితం భార్య ఇంటికొచ్చి బిగ్గరగా చదివింది. ఫ్రిజ్జు, టీవీ, బట్టల మిషను, ఇస్త్రీ పెట్టె, ఫ్యాను, ఇవేవీ ఏమీ చేయవు, నిక్షేపంగా వాడుకోవచ్చు. తిరిగే మోటారు ఏదైనా సరే యంత్రం పెట్టిన చోటికి కనీసం జానెడు దూరంలో ఉండాలి. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల ఎడంగా నిలబడాలి. ఫోను చొక్కా జేబులో పెట్టుకోకూడదు. స్పీకర్లు, అయస్కాంతాలు దగ్గరికి తేకూడదు. పాడైన వైర్లు, ఎర్త్ లేని సామాన్లు ముట్టుకోకూడదు. కళ్ళు తిరిగినా, గుండె దడదడలాడినా వెంటనే దూరం జరిగి, తగ్గకపోతే ఆసుపత్రికి రావాలి.

మేస్త్రీ శ్రద్ధగా విన్నాడు. అబద్ధమాడిన చోట ఆడాడు గానీ, ప్రాణం మీద తీపి లేనివాడు కాదు. నెల తర్వాత కొట్టు తెరిచిన రోజు మొదట చేసిన పని, రిపేరుకొచ్చి పడున్న స్పీకర్లన్నిటినీ బాబాయి కొట్టులోకి చేరవేయించడం. ఆ తర్వాత కొత్త ఎర్త్ వైరు లాగించాడు. బల్ల అంచున సుద్దతో గీత గీశాడు. తిరిగే మోటారు గీతకు అవతల, తను ఇవతల. ఎవరి మిక్సీనీ గుండెకు ఆనించుకోనని ఒట్టేసుకున్నాడు. తర్వాత పాత నీలం చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, పనిలోకి దిగాడు.

ఒక గంట బాగానే గడిచింది. ఇస్త్రీ పెట్టె ఒకటి విప్పి, కళ్ళజోడు సరిచేసుకుని, మోచేతులు బల్లకు ఆనించి ముడుచుకుని కూర్చున్నాడో లేదో, గుండె ఒక్కసారిగా పరుగందుకుంది. మెల్లగా పెరగడం లేదు. ఎవరో స్విచ్చి వేసినట్టు. మేస్త్రీ మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. నిమిషానికి తొంభై ఆరు. పెట్టె అక్కడ పారేసి లేచి, వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ డెబ్భైకి వచ్చేసింది. ఇస్త్రీ పెట్టెకు ఆ సమయంలో కరెంటు కూడా ఇవ్వలేదు. అదే అతన్ని మరింత భయపెట్టింది.

మర్నాడు టేబుల్ ఫ్యాను విప్పుతుంటే అదే తంతు. ఆ మర్నాడు మిక్సీ. ప్రతిసారీ తొంభై ఆరే. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. మామూలుగా భయపడితే గుండె ఇంకా ఎగబాకాలి, కూర్చుంటే దిగాలి. ఇది అలా కాదు. ఎన్ని సార్లు లెక్కపెట్టినా ఒకే వేగంతో, మోటారులా కొట్టుకునేది. మోటార్లతో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినవాడికి ఆ తేడా తెలియకుండా ఉంటుందా? తన గుండెను తను కాక ఇంకెవరో నడుపుతున్నారని అతనికి అర్థమైంది. ఆ నడిపేది కొట్టులో కరెంటేనని తీర్మానించుకున్నాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆసుపత్రికి లాక్కెళతారు, కొట్టు మూయిస్తారు. బాబాయి మాత్రం కనిపెట్టాడు. "ఏరా, మాటిమాటికీ మణికట్టు పట్టుకుంటున్నావ్? నీ చెయ్యి నువ్వే పట్టుకుని పెళ్ళాడతావా?" అన్నాడు.

కొట్టులో అయితే సరే. ఒక సాయంత్రం ఇంట్లో కూడా జరిగింది. అతను అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తుంటే, మిక్సీ జారు మూత సరిగ్గా కూర్చోవడం లేదు చూడమంది భార్య. చొక్కా అయినా విప్పకుండా వంటింటి గట్టు మీద మోచేతులు ఆనించి చూశాడు. అంతే, గుండె పరుగు. రెండు రోజుల తర్వాత ఫ్రిజ్జు వెనక ప్లగ్గు చూడ్డానికి గొంతుక్కూర్చుని ముడుచుకున్నాడు. మళ్ళీ పరుగు. మేస్త్రీకి పై ప్రాణాలు పైనే పోయాయి. కొట్టులో పట్టుకున్న దయ్యం ఇంటిదాకా వచ్చిందన్నమాట!

ఆ రోజు నుంచి ఆ ఇంటికి పట్టిన పీడ అంతా ఇంతా కాదు. మిక్సీ అటక ఎక్కింది. బట్టల మిషను ప్లగ్గు ఊడింది. ఫ్రిజ్జు ఆగింది, పాలు విరిగాయి. ఇస్త్రీ లేదు, టీవీ లేదు. ఫ్యాను ఒక్కదానికి క్షమాభిక్ష దొరికింది, అదీ నెత్తి మీద అంతెత్తున ఉంది కాబట్టి.

"ఏవండీ, ఇవేవీ ఏమీ చేయవని కాగితంలో అచ్చేసి ఉంది. కావాలంటే మళ్ళీ చదువుతాను, వినండి" అంది భార్య.

"కాగితం రాసినవాడికి నా గుండె తెలుసా?"

"మీ గుండెకు ఏమవుతోందో నాకైనా చెప్పండి మరి."

"ఏమీ అవడం లేదు. జాగ్రత్త, అంతే."

ఆవిడ పిచ్చిది కాదు. మూడు వారాలు దుప్పట్లు చేత్తో ఉతికింది, చేతులు పగిలాయి, అయినా నోరెత్తలేదు. ఎప్పుడు కూర్చుని ఉన్నా మొగుడి మెడ దగ్గర నరం వంక చూస్తుండేది. అతను స్నానానికి వెళితే తలుపు దగ్గర నిలబడి లోపల చెంబు చప్పుడు వినబడుతోందో లేదో కనిపెట్టేది. చెంబు చప్పుడు ఆగితే ఆవిడ ఊపిరి కూడా ఆగేది. మనిషి పడిపోయిన రోజు విన్న ఆ తడబాటు ఆవిడ చెవుల్లోంచి పోలేదు. తన భయం అతనికి కనబడనివ్వలేదు, అతని భయం తనకు కనబడుతోందని చెప్పలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో బిక్కుబిక్కుమంటూ బతికారు.

చివరికి మేస్త్రీ గుండె రాయి చేసుకున్నాడు. ఆసుపత్రిలో యంత్రాన్ని పరీక్ష చేయించుకోవాల్సిన రోజుకు ముందురోజు మధ్యాహ్నం, కొట్టు తాళంచెవి తీసి బాబాయి చేతిలో పెట్టాడు. "ఎవరైనా వస్తే ఇక చూపించు బాబాయ్. బల్లతో సహా ఇచ్చేద్దాం. నాకు కరెంటు పడడం లేదు."

బాబాయి తాళంచెవిని తన గల్లాలో కాకుండా జేబులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చి మేస్త్రీ నీలం చొక్కా విప్పి కుర్చీ మీద పడేసి, బనియనుతో మంచం మీద కూర్చున్నాడు. భార్య చొక్కా తీసి చూసింది. పైగుండీ ఊడి వేలాడుతోంది. "రేపు ఆసుపత్రికి వేరే చొక్కా వేసుకుందురు గానీ, దీన్ని కుట్టి పెడతాను" అంది.

"ఇంకెందుకులే అది. పాత గుడ్డల్లో పడేయ్. కొట్టు ఇచ్చేస్తున్నాను" అన్నాడు మేస్త్రీ, గోడ వంక చూస్తూ.

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తున్న చెయ్యి ఆగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కనబడకుండా తల వంచుకుని, చొక్కా ఒళ్ళో పెట్టుకుని, గుండీ దగ్గరికి సూది తెచ్చింది. సూది చేతిలోంచి జారిపోయింది. కింద పడలేదు. టక్కున వెళ్ళి చొక్కా జేబుకు అతుక్కుని, అక్కడే నిలబడింది.

"ఇదేమిటండీ జేబులో?"

"ఏముంది, బిళ్ళ."

"ఏం బిళ్ళ?"

"విప్పిన మరలు కింద పడి పోకుండా జేబులో వేసుకుంటే అతుక్కుంటాయి. నీకు తెలీదూ? నా దగ్గర ఎప్పటి నుంచో..."

ఆవిడ జేబులో చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగింది. అరచేతిలో సగం కూడా లేని గుండ్రటి ఇనపముక్క, దాని ఒంటి నిండా మరలు. "ఇది ఎక్కడిది?"

"పాత స్పీకరులోంచి ఊడదీసింది."

మేస్త్రీ చెయ్యి తనంతట తానే ఎడమ భుజం ఎముక కిందికి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళుగా అది అతని జేబులో ఉంది. చెప్పుల్లో రాయి ఉంటే తెలుస్తుంది గానీ, ఒంట్లో భాగమైపోయినదాన్ని ఎవరు పట్టించుకుంటారు? స్పీకర్లను బయటికి మోయించాడు, సుద్దగీతలు గీశాడు, ఫ్రిజ్జును ఆపాడు. దాన్ని మాత్రం రోజూ పొద్దున్నే తన చేత్తో తనే గుండె దగ్గర పెట్టుకున్నాడు.

ఇన్నాళ్ళ గుండె పరుగు సంగతి అతను చెప్పేయగానే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మూడు వారాలండీ! మూడు వారాలు నా చేత దుప్పట్లు ఉతికించారు! పాలు పారబోయించారు! మీ గుండె దడదడలాడుతోందని నాకు చెప్పలేదు. డాక్టరుకు మీ పనేమిటో చెప్పలేదు. మీరు పోతే నేనేం చేయాలనుకున్నారు? ఆ మోటార్లను పెట్టుకుని ఏడవాలా?" అంటూ నిజంగానే ఏడ్చింది. ఆవిడ అంత పెద్దగా ఏడవడం మేస్త్రీ ఎప్పుడూ వినలేదు. లేచి వెళ్ళి పక్కన కూర్చోబోయాడు. "దూరం! నా చేతిలో ఇదుంది!" అని ఆవిడ అరిచింది. వెంటనే లేచి బిళ్ళను పెరట్లోకి తీసుకెళ్ళి, నీళ్ళ తొట్టి గట్టు మీద పెట్టి వచ్చింది.

మర్నాడు ఆసుపత్రిలో యంత్రాలను పరీక్షించే అమ్మాయి ఎదుట మేస్త్రీ మొదటి నుంచీ అంతా ఏకరువు పెట్టాడు. దాచినదీ, ఆడిన అబద్ధమూ, తొంభై ఆరూ, బిళ్ళా. చెబుతున్నంతసేపూ అతని భార్య అతని మొహం వంకే చూసింది, ఎక్కడైనా ఒక ముక్క మింగేస్తాడేమోనని.

ఆ అమ్మాయి తెర మీద గీతలు చూస్తూ ఓపిగ్గా విన్నది. "మీ లెక్క కరెక్టే అంకుల్. అయస్కాంతం దగ్గరికి వస్తే ఈ యంత్రం మీ గుండె సంగతి చూడ్డం మానేసి, తనకు చెప్పిన ఒకే వేగంతో కొట్టుకుంటూ పోతుంది. మీరు ముడుచుకుని కూర్చుంటే జేబు పైకి వచ్చి దాని దగ్గరికి చేరింది. దూరం జరిపితే మామూలైపోయింది. యంత్రం పాడవలేదు. కానీ ఇలా రోజూ జరగడం మంచిది కాదు. మొదటి రోజే రావాల్సింది."

మేస్త్రీ అడగాల్సిన మాట ఒక్కటి మిగిలింది. ఆ మాట అడగకుండా ఉండడానికే ఇన్నాళ్ళూ ఇంత చేశాడు. ఇప్పుడు భార్య అతని చెయ్యి గట్టిగా నొక్కింది.

"మరి... నేను పని చేసుకోవచ్చామ్మా?"

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి పెద్ద డాక్టరుతో మాట్లాడి వచ్చింది. అది అయిదు నిమిషాలే. ఆ అయిదు నిమిషాల్లో మేస్త్రీ ముప్ఫై ఏళ్ళ మిక్సీలన్నిటినీ తలచుకున్నాడు.

"చేసుకోవచ్చు. విప్పేటప్పుడు ప్లగ్గు తీసి ఉండాలి. ఎర్త్ లేకుండా ఏదీ ముట్టుకోవద్దు. ఇండక్షన్ పొయ్యిలు మాత్రం వద్దు, వెల్డింగు అసలే వద్దు. మరలకు ప్లాస్టిక్ డబ్బా కొనుక్కోండి. తిరిగే మోటారుకు జానెడు కాదు, మీ పనికి మూరెడు దూరం పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఏ మోటారునీ ఇక గుండెకు ఆనించుకోకూడదు. ఎప్పటికీ."

ఇంటికొస్తూ భార్య దారి పొడుగునా మాట్లాడింది. మేస్త్రీ మనసు మాత్రం కొట్టు మీదే ఉంది. కొట్టు మిగిలింది, కానీ వినే ఎముక పోయింది. వినకుండా విప్పితే అతనికీ ఇంకో రిపేరువాడికీ తేడా ఏముంది?

బాబాయి తాళంచెవి తిరిగిచ్చాడు. "నువ్వు మళ్ళీ వస్తావని తెలిసే దాచాను లేరా" అన్నాడు. ఆ వేళకే ఎవరో వదిలివెళ్ళిన మిక్సీ ఒకటి గడప దగ్గర కూర్చుని ఉంది. మేస్త్రీ దాన్ని సుద్దగీతకు అవతల పెట్టి, ఎర్త్ చూసి, స్విచ్చి వేశాడు. చెవి ఒగ్గి విన్నాడు. చప్పుడే. ఆపి మళ్ళీ వేశాడు. చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చేతులు వాటంతటవే దాన్ని ఎత్తుకోవడానికి ముందుకు వెళ్ళాయి. గీత దగ్గర ఆగాయి. ఆగిన ఆ చేతులను క్యారియరు తెచ్చిన భార్య చూసింది.

ఆవిడ క్యారియరు కింద పెట్టింది. బల్ల అవతలికి నడిచింది. మిక్సీని ఎడమ చేత్తో ఎత్తుకుని, సరిగ్గా మొగుడు పట్టుకున్నట్టే రొమ్ముకు అదిమి పట్టింది. ముప్ఫై ఏళ్ళు రోజూ క్యారియరు పట్టుకొచ్చి చూసిన పట్టు అది, ఒకరు నేర్పాలా?

"వేయండి" అంది.

మేస్త్రీ స్విచ్చి వేశాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. బాబాయి తన కొట్టులోంచి బయటికొచ్చి నిలబడ్డాడు.

"ఏమంటోంది?" అడిగాడు మేస్త్రీ.

"ఆగండి... మెత్తగానే తిరుగుతోంది. కానీ మధ్యమధ్యలో తడబడుతోంది. మీరు పడిపోయిన రోజులా కాదు. ఇది ఆగడం లేదు, గరుగ్గా ఒరుసుకుంటోంది."

"బుష్షు" అన్నాడు మేస్త్రీ. అతని కళ్ళు చెమర్చాయి. "బేరింగు కాదు, బుష్షే." తనకు తెలియకుండానే గీత దాటి ఆవిడ దగ్గరికి ఒక అడుగు వేశాడు.

ఆవిడ కళ్ళు తెరవకుండానే అంది. "దగ్గరికి రాకండి. వినడానికి నేనున్నాను కదా. మీరు అక్కడే ఉండండి."

మేస్త్రీ వెనక్కి జరిగి, గీతకు ఇవతల నిలబడ్డాడు.